పైన పటారం, లోన లొటారం: పాత సైనిక బూట్ల పరీక్ష

దోహాలోని అల్ అజీజియా నుంచి మాట్లాడుతున్నాను. పగలంతా కంప్యూటర్ ముందు, రాత్రయితే పాత సైనిక బూట్ల ముందు కూర్చోవడం నా అలవాటు. మా ఆవిడతో సహా అందరూ నవ్వుతారు. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు కదా మరి!

మా ముత్తాతగారిది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఇంటింటా సైనికులుండటం వల్ల మిలిటరీ మాధవరం అని పేరుపడిన ఊరు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన తొడిగిన బూట్లు ట్రంకుపెట్టెలో కనబడితే ఇక్కడికి తెచ్చుకున్నాను. తెచ్చిన రోజే సంబరంకొద్దీ తడిగుడ్డతో తుడిచి, నూనె పట్టించి, నల్ల పాలిష్ కొట్టాను. అద్దంలా మెరిశాయి. కానీ నాలుక లోపలివైపు సిరాతో రాసి ఉన్న ఆయన సర్వీసు నంబరు చెరిగిపోయింది. ఆ నంబరు మా ఇంట్లో మరెక్కడా రాసి లేదు. ఫోటో కూడా తీసుకోలేదు. ఆయన రికార్డుల కోసం ఎవరికి రాద్దామన్నా మొదట అడిగేది ఆ నంబరే.

అందుకే నా మొదటి మాట: ముందు చదవండి, తర్వాత తుడవండి. ఆ కాలపు బ్రిటిష్ సైన్యపు సరుకు మీద బాణం గుర్తు, సైజు, తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. రెండు బూట్లకీ అవి ఒకటేనా చూడండి.

తర్వాత తిరగేయండి. సోలుకి ఇనుప మేకులు, మడమకి గుర్రపు లాడంలాంటి ఇనుము ఉంటాయి. సోలు మార్చి ఉంటే లోపమనుకోకండి. సైన్యంలో అరిగినవి బాగుచేసి మళ్ళీ తొడిగేవారు. తోలు ముడతలు పడి, మేకులు మాత్రం నిన్న కొట్టినట్టుంటేనే అనుమానించాలి.

తోలుని గట్టిగా వంచకండి, విరుగుతుంది. వేలికి ఎర్రటి పొడి అంటితే తోలు లోపలినుంచే పాడైందన్నమాట. దాన్ని వెనక్కి తేలేం. తెల్లటి పొర కనిపిస్తే కంగారొద్దు. హెయిర్ డ్రయ్యరుతో దూరంనుంచి కాస్త వెచ్చచేయండి. కరిగితే తోలులోని కొవ్వు. కరగకుండా, ముక్కవాసన వేస్తుంటే బూజు. ఇత్తడి కన్నాల చుట్టూ ఆకుపచ్చగా ఉన్నది చిలుము. చెక్కపుల్లతో మెల్లగా గీకితే చాలు.

ఇటీవలి దశాబ్దాల బూట్లతో ఇంకో చిక్కుంది. పాలీయురేథేన్ సోళ్ళు వాడకపోయినా గాలిలో తేమకి లోలోపలే చితికిపోతాయి. పెట్టెలోంచి తీయని కొత్త జత అని మురిసిపోయి కొంటే, నాలుగడుగులకే సోలు పొడిపొడిగా రాలుతుంది. కొనేముందు బొటనవేలితో నొక్కి చూడండి. జిగురుగా ఉన్నా, పగుళ్ళు విచ్చినా వదిలేయండి.

ఈ తేమ గొడవ మన గల్ఫ్ వాళ్ళకి మరీ ఎక్కువ. వేసవి సెలవులకి ఏసీ కట్టేసి, ఇల్లు తాళం వేసి ఊరెళ్తాం. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతకి మూసిన అలమారాలో బూజు పండుగ చేసుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే తోలుకి క్షేమం, 65 దాటితే ప్రమాదం. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి. పాత న్యూస్‌పేపరు కుక్కకండి, అందులోని ఆమ్లం తోలుకి మంచిది కాదు. నూలుగుడ్డ కుక్కి, పక్కన సిలికా జెల్ పొట్లాలు పెట్టండి.

మా ఇంటికి దగ్గర్లోనే ఖలీఫా స్టేడియంలో 2022లో తెరిచిన క్రీడా మ్యూజియం ఉంది. ఆటగాళ్ళు వాడిన వస్తువులు అక్కడ అద్దాల వెనక ఉంటాయి. వాటికి విలువ ఆ అరుగుదల వల్లే. మా ముత్తాతగారి ఎడమ బూటు మడమ బయటివైపు ఎక్కువ అరిగింది. ఆయన నడక గురించి ఇప్పుడు నాకు మిగిలిన ఆనవాలు అదొక్కటే. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో, పెద్దనాన్ననో అడగండి, అటక మీద పాత పెట్టె ఏదైనా ఉందేమో. ఉంటే ఒక్క మాట చెప్పండి: తుడవొద్దు, ముందు ఫోటో తీయమని. ఉంటానండీ, సెలవు.