ఆసుపత్రి గుమ్మము దాటిన పిమ్మట

(తిరుపతిలోని యొక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



బీదల వైద్యమునకు ప్రభుత్వము పూచీపడుట గొప్ప కార్యము. 2007వ సంవత్సరమున ఆంధ్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనప్పుడు, గుండెజబ్బునకు ఇల్లు తాకట్టు పెట్టవలసిన నిరుపేద కొక యాశ కలిగెను. 2018వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పేర కుటుంబమునకు సాలీన 5 లక్షల రూపాయల వరకు చికిత్స నొసగుదుమని వాగ్దానము చేసెను. వీనిని మెచ్చుటకు మేము వెనుదీయము. అయినను నేడు మేము మీ ముందుంచు ప్రశ్న యొకటి కలదు. రోగి ఆసుపత్రి గుమ్మము దాటి యింటికి వచ్చిన పిమ్మట వాని గతి యేమి?

పాకాల వైపు వేరుసెనగ పండించుకొను రైతొకడు పక్షవాతమున పడినాడనుకొనుడు. ఆసుపత్రిలో ప్రాణము నిలిచినది. బిల్లు బీమా భరించినది. కాని కుడిచేయి లేవదు, కాలు ఈడ్చుచున్నది. అట్టివానికి తొలి నెలలే కీలకములు. ఆ దినములలో క్రమముగా వ్యాయామ చికిత్స జరిగినచో చచ్చుబడిన యవయవము కొంతవరకైన పని నేర్చుకొనును. జరగనిచో కీళ్లు బిగిసిపోవును, భుజము నొప్పిపెట్టును, మనిషి మంచమునకు అంటుకొనును. ఈ చికిత్స ఒకనాటితో ముగియునది కాదు. వారమునకు పెక్కుమారులు, నెలల తరబడి సాగవలయును. ఇందుకై అతడు ఆసుపత్రి మంచమున పడుకొననక్కరలేదు. వచ్చి, చేయించుకొని, పోవలయును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. మన బీమా పథకములు ప్రధానముగా మంచమును చూచి సొమ్ము చెల్లించునవి. ఆయుష్మాన్ భారత్ నియమములలో ఓ.పి. చికిత్స చేరలేదు, ఇల్లు చేరిన పిమ్మట 15 దినముల ఖర్చు మాత్రమే అందు కలసియున్నది. పక్షవాత రోగి కాలు 15 దినములలో నడక నేర్చునా?

ఆక్యుపేషనల్ థెరపీ యన్న ఉద్యోగ మిప్పించుట యని కొందరి భ్రమ. అన్నము కలిపి నోటికెత్తుకొనుట, చొక్కా బొత్తాము పెట్టుకొనుట, చెంబుతో నీళ్లు పోసికొనుట — ఇట్టి నిత్యకృత్యములను చేతికి మరల నేర్పు విద్య యది. దీని విలువ చేయి పడిపోయినవానికే తెలియును.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. చిత్తూరునకు పొరుగుననే యున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు మేరీ వర్గీసు 1954వ సంవత్సరమున మోటారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడియు, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. 1966వ సంవత్సరమున అచ్చట వెలసిన పునరావాస సంస్థకు సారథ్యము వహించెను. తిరుపతిలో దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రి 1985వ సంవత్సరమున వికలాంగుల కొరకే వెలసినది. స్విమ్స్ నందు ఫిజియోథెరపీ కళాశాల కలదు. కావున విద్యయు, విద్యావంతులును మన యింటనే యున్నారు. కుప్పము నుండియో సత్యవేడు నుండియో బీదవాడు బస్సు చార్జి పెట్టుకొని, వెంట నొక మనిషి కూలి మానుకొని, వారము వారము వచ్చు టెట్లు? అదియే ప్రశ్న.

ఇట్టి ఖర్చు బీమాకు లోబడదని కొందరందురు. లోబడిన దృష్టాంతము మన దేశముననే కలదు. 1999వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి లక్ష రూపాయల వరకు బీమా నొసగుచు, ఓ.పి. చికిత్సను, నిరంతర థెరపీని గూడ అందు చేర్చినది. ఆ బిడ్డకు తగిన న్యాయము పక్షవాతపు రైతుకేల తగదు? 1948వ సంవత్సరపు ఇ.ఎస్.ఐ. చట్టము క్రింద కర్మాగారపు కార్మికునకు ఓ.పి. వైద్యము కలదు. పొలమున కూలి చేయువాడు చేసిన నేర మేమి?

హద్దు లేనిచో మోసములు పెరుగునని మరియొక యాక్షేపము. ఇది త్రోసివేయదగినది కాదు. అమెరికాలో 1997వ సంవత్సరపు చట్టమున వృద్ధుల మెడికేర్ బీమా యందు ఈ చికిత్సలకు సాలీన నింత యని పరిమితి విధించిరి. 2018వ సంవత్సరమున దానిని తొలగించి, ఖర్చు హెచ్చినచోట అవసరమును నిరూపింపవలయునను పద్ధతిని నిలిపిరి. రోగి కోలుకొనుచున్నాడా యన్నది మాత్రమే కొలత కారాదనియు, ఉన్న శక్తిని నిలుపుటకును నిపుణుని చికిత్స అవసరమైనచో చెల్లింపవలయుననియు 2013వ సంవత్సరమున నచ్చటి న్యాయస్థానపు రాజీ స్థిరపరచెను. కనుక మోసమునకు విరుగుడు తలుపు మూయుట కాదు, లెక్క చూచుట.

మేము కోరునవి మూడు. శస్త్రచికిత్సతోను, పక్షవాత చికిత్సతోను కొన్ని నెలల వ్యాయామ చికిత్సను గూడ నొకే కట్టుగా బీమాలో చేర్పవలయును. ప్రాంతీయ ఆసుపత్రులలో ఫిజియోథెరపిస్టును, ఆక్యుపేషనల్ థెరపిస్టును నియమింపవలయును. ఈ వృత్తులకు 2021వ సంవత్సరమున పార్లమెంటు చట్టము చేసియున్నది గదా. లేవలేనివాని యింటికి థెరపిస్టు వెళ్లిన దినమును గూడ చికిత్సగా లెక్కింపవలయును.

ఇది దానము కోరుట కాదు. ఎముక నతికించుటకు లక్ష వెచ్చించి, ఆ కాలు నడచుటకు వేయి వెచ్చింపకుండుట పొదుపు గాదు. నాటిన చెట్టునకు నీరు పోయకుండుట. మీ వీధిలో, మీ పల్లెలో ఆసుపత్రి నుండి వచ్చి మంచము పట్టినవా రెందరో విచారింపుడు. వారి యవస్థలను, వారికి పడిన ఖర్చును ఈ మందిరమున నొక పుస్తకమున వ్రాసియుంచుడు. శాసనసభ్యుడు మీ యూరు వచ్చినప్పుడు ఆ పుస్తకమును ముందుంచి సమాధానము కోరుడు. పదుగురి ఫిర్యాదు వినని వారును, వ్రాసియున్న లెక్కను చూడక తప్పదు.