టోకై గ్రామము – అణు విద్యుత్కేంద్రము



అణు విద్యుత్తును గూర్చిన ప్రసంగము పంచాయితీ సభలకేల యని మీలో కొందరు తలపవచ్చును. జపానులో, టోక్యోకు ఈశాన్యమున సముద్రతీరమందున్న టోకై గ్రామపు వృత్తాంతము వినిన పిదప ఆ సందేహముండదు.

2011 మార్చి 11వ తేదీన జపానులో గొప్ప భూకంపము, వెంటనే సునామీ వచ్చెను. ఫుకుషిమాలో నడుచుచున్న మూడు రియాక్టర్లు భూమి కంపించగానే ఆగినవి. కాని ఆగిన రియాక్టరులో సయితము చాలకాలము వేడి పుట్టుచునే యుండును. దానిని నీటితో చల్లార్చవలెను. సముద్రము డీజిలు జనరేటర్లను ముంచివేయగా పంపులు నిలిచి, ఇంధనము కరగిపోయెను. 2012 మే నాటికి దేశమందలి రియాక్టర్లన్నియు ఆగినవి.

వానిని తిరిగి నడుపుటకు అనుమతి నిచ్చువారెవరు? పూర్వము అణు విద్యుత్తును పెంపొందించు మంత్రిత్వ శాఖ క్రిందనే దానిని తనిఖీ చేయు సంస్థయు నుండెడిది. 2012 సెప్టెంబరులో నియంత్రణ సంస్థను వేరుపరచి, 2013 జూలైలో కఠినమైన నిబంధనలను అమలుపరచిరి. వీనిక్రింద మొదట నడిచినది సెందాయి కేంద్రము, 2015 ఆగస్టులో.

అయితే ఆ సంస్థ పరీక్షించునది యంత్రమును, కట్టడమును మాత్రమే. ప్రమాదమునాడు జనులను తరలించు పథకము స్థానిక పాలకుల పని. అది సంస్థ పరీక్షలో చేరదు. ఇది చిన్న లోపమని మేమనుకొనము.

టోకై వారికిది అనుభవమైన సంగతి. 1999 సెప్టెంబరు 30న అచ్చటి అణు ఇంధన కర్మాగారమున ప్రమాదము జరిగెను. ఇద్దరు పనివారు తరువాత మరణించిరి. పైనుండి ఆజ్ఞ రాకమునుపే గ్రామాధ్యక్షుడు మురకామి తత్సుయా 350 మీటర్ల లోపలి జనులను తరలింపజేసెను.

ఆ గ్రామమందలి విద్యుత్కేంద్రము 2018లో నియంత్రణ సంస్థ పరీక్షలో నెగ్గెను. దానికి 30 కిలోమీటర్ల లోపల తొమ్మిది లక్షలకు పైగా జనులున్నారు. తుపానునాడు ఒక్క ఊరిని తరలించుట ఎంత పనియో మీకు మేము చెప్పనక్కరలేదు! ఆ యేడే టోకై గ్రామమును, చుట్టునున్న అయిదు పట్టణములును, కేంద్రమును నడుపుటకు ముందు తమ సమ్మతి పొందవలెనని కంపెనీతో ఒడంబడిక చేసికొనినవి.

2021 మార్చి 18న మితో జిల్లా న్యాయస్థానము ఆ కేంద్రమును నడుపరాదని తీర్పు చెప్పెను. భూకంప, సునామీల లెక్కలలో అది దోషము పట్టలేదు. పట్టినదెల్ల తరలింపు విషయముననే. 14 స్థానిక సంస్థలలో పథకము సిద్ధపరచినవి అయిదే. అవియు సమగ్రములు కావు. భూకంపమున ఇండ్లు కూలినచో జనులు ఎచ్చట తలదాచుకొనవలెను? రహదారులు తెగినచో ఆ వార్త వారికెట్లు చేరును? వీనికి ఆ పథకములలో తగిన సమాధానము కానరాలేదు. కంపెనీ పై న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనెను.