పగులును దాచవలదు



జీర్ణోద్ధరణము పూర్తియై, కుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభవేళ మీకు కొన్ని మాటలు విన్నవించుకొనుచున్నాను. నేను వేదపాఠశాలలో చదువుకొన్నవాడను. రాతి లక్షణములు నేను గురుముఖమున నేర్చినవి కావు. ఇచ్చట పనిచేసిన స్థపతులను, ఇంజనీర్లను అడిగి తెలుసుకొన్నవి.

మన ముఖమండపములోని ఒక దూలము అడుగున వెంట్రుకవాసి పగులు ఉండెడిది. ఏటా ఉత్సవములకు ముందు దానిపై సున్నము పూయించెడివాడను. పగులు కనబడకపోగా నా మనస్సు కుదుటపడెడిది. మరుసటి ఏడు అది మరికొంత పెరిగి మరల కనబడెడిది. మరల సున్నమే! జీర్ణోద్ధరణలో ఆ దూలమును దించి చూడగా పగులు సగము మందము దాటియున్నది. దాని క్రిందనే మీరందరు నిలిచి తీర్థము పుచ్చుకొన్నారు. ఆ దోషము నాదేనని ఒప్పుకొనుచున్నాను.

రాయి, గాజు, ఇటుక పెళుసైనవి. ఇనుము వంగి హెచ్చరించును. రాయి వంగదు, విరుగును. నొక్కినచో మిక్కిలి బరువును మోయును గాని లాగినచో అంతగా ఓర్వలేదు. దూలముపై బరువు పడినప్పుడు దాని పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగదీయబడును. కనుకనే పగులు అడుగున పుట్టును.

పగులు కొన సూదివలె సన్నగా నుండును. రాయి అంతటను పంచుకొనవలసిన ఒత్తిడి ఆ కొన వద్ద పోగుపడునని ఇంగ్లిస్ అను ఆంగ్లేయ పండితుడు 1913లో లెక్కకట్టి చూపెను. గ్రిఫిత్ అను మరియొకరు గాజుపై పరీక్షలు జరిపి 1921లో మరియొక సత్యము ప్రకటించిరి. పగులు పెరిగినకొలది దానిని పెంచుటకు కావలసిన బలము తగ్గును. పగులు పొడవు నాలుగింతలైనచో మునుపటి బలములో సగమే చాలును. ఏండ్ల తరబడి మెల్లగా ప్రాకిన పగులు ఒకనాడు క్షణములో చీల్చివేయుటకు కారణమిదే. లోనికి దిగిన తేమ ఆ కొనను మరింత బలహీనపరచును. రావిమొలక వేళ్లు చీలికను వెడల్పు చేయును.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో నిర్మింపజేసిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది మీరెరుగుదురు. గోపురముపై చీలికలు ముందే కనబడినవి. జనులను దూరముగా తరలించినందున ప్రాణనష్టము తప్పినది. చూచి మేలుకొన్నవారిని ఆ చీలికయే కాపాడెను.

ఇచ్చట స్థపతులు ప్రతి రాతిని సుత్తితో తట్టి విన్నారు. గంటవలె మ్రోగినది నిలిచినది. బొంగురుపోయిన రాయిని ప్రక్కన పెట్టిరి. అనుమానమున్న గోడ పగుళ్లకు అడ్డముగా పలుచని గాజుపట్టీలు అతికించి తేదీలు వ్రాసిరి. పగులు కదిలినచో పట్టీ విరుగును. మన పెద్దలును ఈ జాగ్రత్త ఎరిగినవారే. లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలగు ద్రవ్యములతో దంచిన అష్టబంధనమును మూర్తికిని పీఠమునకును నడుమ నింపుదురు. కాలక్రమమున అది ఎండి పెళుసగును గనుక దానిని మరల మరల నూతనపరచుట ఆచారమైనది. బంధనము శాశ్వతమని వారు భ్రమపడలేదు.

దాతలకు, భక్తులకు నా ప్రార్థన ఇది. స్తంభములకు మేకులు కొట్టి తోరణములు, దీపాల తీగలు కట్టవలదు. రాతి అంచులపై కొబ్బరికాయలు కొట్టవలదు. స్తంభముల మొదట కర్పూరము వెలిగింపవలదు; ఒకచోటనే తగులు వేడి రాతిని చిట్లించును. ఎక్కడ పగులు కనబడినను మాకు చెప్పుడు. రంగులకు, విద్యుద్దీపములకు దాతలు సులభముగా దొరకుదురు. ఏటేటా కట్టడమును పరీక్షింపజేయుటకు దొరకరు. మీ కైంకర్యములో కొంత భాగము దానికై కేటాయింపుడు. ఆ దానమునకు శిలాఫలకముపై పేరు ఉండకపోవచ్చును. కాని మీ మనుమలు ఈ మండపములో నిర్భయముగా నిలిచి స్వామిని సేవింతురు.

ఇకమీదట ఈ ఆలయమున పగులుపై సున్నము పూయించను. స్వామి సన్నిధిలో ఇది నా సంకల్పము.

స్వస్తి.