పాట పోకుండా మార్చడం

పోయిన ఎపిసోడ్‌లో హవాయి స్లాక్ కీ కోసం గిటార్ తీగలు వదులు చేశాం: 6, 1 తీగలు ‘డి’కి, 5వది ‘జి’కి. టారో ప్యాచ్ అంటారు దీన్ని. ఏమీ నొక్కకుండా మీటితేనే జి మేజర్ పలుకుతుంది.

ఇప్పుడు అదే పాటని రెండోసారి కాస్త మార్చి వాయించాలి. మన కీర్తనలో సంగతులు ఒక్కొక్కటిగా పెరుగుతాయి చూడండి, అలాగన్నమాట. బొటనవేలు మాత్రం 5, 4 తీగల మీద నడుస్తూనే ఉండాలి. డి7 వస్తే 6, 4. అది ఆగిందా, పైన ఎన్ని సొగసులు చేసినా దండగే.

మొదటిసారి ఉన్నదున్నట్టు వాయించండి. రెండోసారి ఒక్కచోటే మార్చండి. 3వ తీగ మీద ‘ఎ’ వచ్చేచోట, ముందు ఖాళీ తీగ మీటి, వెంటనే 2వ ఫ్రెట్ మీద వేలు గట్టిగా దించండి. మళ్ళీ మీటకుండానే ‘ఎ’ పలుకుతుంది. హ్యామర్ ఆన్ ఇదే.

ఇక్కడ సింగపూర్‌లో రూమ్‌మేట్స్‌కి కొదవా? వాళ్ళు పాట గుర్తుపడితేనే రెండో మార్పు ముట్టుకోండి.