పెండ్లి ఫోటోగ్రాఫరుతో ముందుగా చెప్పవలసిన మాటలు

(బ్రహ్మపురము తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పెండ్లి ముహూర్తములు సమీపించుచున్నవి. పందిరి, వంటవారు, మేళము - అన్నిటిని పదిసార్లు విచారించి కుదుర్చుకొనుచున్నాము. ఫోటోగ్రాఫరును మాత్రము ధర యొక్కటే అడిగి, బయానా ఇచ్చి వచ్చుచున్నాము. నేను చేసిన యీ పొరపాటు మీరు చేయరాదని నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

2016వ సంవత్సరమున మా చెల్లెలి పెండ్లి జరిగెను. ముహూర్తము తెల్లవారుజామున. ఫోటోలు తీయ వచ్చిన ఒడియా యువకుడు పనిమంతుడే. కాని వధూవరులు జీలకర్ర బెల్లము ఒకరి తలపై నొకరు ఉంచు వేళ అతడు పందిరి వెలుపల బంధువుల ఫోటోలు తీయుచుండెను. మేళము విని పరుగున వచ్చుసరికి తెర తొలగిపోయినది. ఆ జీలకర్ర బెల్లము స్వయముగా నూరి, పళ్ళెము పట్టుకొని ప్రక్కన నిలిచినది మా మేనత్త. మరుసటి సంవత్సరమే ఆమె కాలము చేసినది. ఆల్బములో ఆరువందల ఫోటోలున్నవి. పళ్ళెముతో నిలిచిన మా అత్త లేదు.

నేను కోపించగా అతడు, "అయ్యా, మా పెండ్లిలో చేతులు కలిపి కట్టు హస్తగంఠి ముఖ్యము. మీకు తాళి కట్టుట ముఖ్యమనుకొంటిని. ఇదియే ముహూర్తమని నాతో ఎవరును చెప్పలేదు" అనెను. నాకు బదులు తోచలేదు. తప్పు నాదే.

కావున మొదట మన పెండ్లి క్రమమును కాగితముపై ఒడియాలో వ్రాసి యిండు. జీలకర్ర బెల్లము, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు - ఏది ఏ వేళకో తెలుపుడు. ఇంటి పెద్దలను చూపుటకు ఒక బంధువును అతని వెంట నుంచుడు.

రెండవది, ఏరి పెట్టిన పది ఫోటోలు చూచి మురిసిపోక, ఒక పెండ్లి ఆల్బము మొదటినుండి తుదివరకు చూడుడు. వచ్చువాడు తానేనా, మరొకరా అడుగుడు. వేళలు, ఆల్బము పుటలు, ఇచ్చు తేదీ వ్రాతలో నుండవలెను. ఆల్బము చేతికి వచ్చువరకు కొంత సొమ్ము నిలుపుకొనుట వర్తక ధర్మమే. ఫోటోల ప్రతులు రెండుచోట్ల భద్రపరచుడు.

మూడవది, 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక లేనియెడల, సొమ్మిచ్చి తీయించుకొన్నవారే ఆ ఫోటోలకు తొలి హక్కుదారులు. ఆ హక్కును వదులుకొను మాట కాగితములో నున్నదేమో చదివి సంతకము చేయుడు.

చివరి మాట. మన పిల్లలలో పెక్కురు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుచున్నారు. ఆల్బములో ప్రతి ఘట్టము క్రింద దాని పేరు, నిలిచిన పెద్దల పేర్లు తెలుగున వ్రాయించుడు. రేపు మనుమలు ఆ పుట త్రిప్పి, "ఈ పళ్ళెములో నేమున్నది?" అని అడిగినపుడు చెప్పుటకు మనము లేకపోయినను, ఆ అక్షరములు చెప్పగలవు.