ఇంటి కథ, మాయల కథ

తెలుగు వచనంలో సంసారాల నవల, మాయల సాహసగాథ రెండూ మొదట కాశీ దారి పట్టినవే. కందుకూరి వీరేశలింగం 1878లో ‘వివేకవర్ధని’లో మొదలుపెట్టి 1880లో పుస్తకంగా తెచ్చిన ‘రాజశేఖర చరిత్రము’లో ధవళేశ్వరపు గృహస్థు ముఖస్తుతికి లొంగి, బంగారం చేసిపెడతానన్న గోసాయిని నమ్మి ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. ఆపైన భార్యాబిడ్డలతో కాశీయాత్రకని ఊరు విడుస్తాడు. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయ కథలో ఉన్నా, ఆ ఇంటి జాతకాలూ శకునాలూ పంచన చేరిన బంధువులూ అచ్చంగా గోదావరి ఒడ్డువే. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాల్లోనూ మణిసిద్ధుడనే యతి, వెంట వచ్చిన గొల్లపిల్లవాడికి మజిలీకో కథ చెబుతూ కాశీకి నడుస్తాడు.

దారి ఒకటే గాని చూపు వేరు. వీరేశలింగం నవలలో మంత్రగాడు మోసగాడు. దీక్షితుల కథల్లో మంత్రం నిజంగా పనిచేస్తుంది. సంస్కరణ కోరినవారికి మొదటిది కావలసి వచ్చింది, పొద్దుపోక కూర్చున్న వసారాలకు రెండోది. 1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమాకూ మూలం కొంత ఈ మజిలీల్లోనే ఉంది.

ఈ రెండూ ఒకే బల్ల మీదికి చేరింది ‘చందమామ’లో. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డితో కలిసి ఆ పత్రిక పెట్టిన చక్రపాణి, శరత్ నవలలను తెలుగు చేసినవారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు, సుందరం అనే కుర్రాడి పెంపకాన్నీ చదువునూ ఇరవయ్యేళ్ల కాలం మీద పరిచిన ‘చదువు’ నవలాకారుడు. మధ్యతరగతి ఇళ్లలో డబ్బూ పెళ్లీ పరువూ మనుషులను ఎలా నడిపిస్తాయో ఆయనంత తేటగా రాసినవారు అరుదు. హేతువాది అయిన ఆయన చేతి కిందనే నెలనెలా మాంత్రికులూ రాక్షసులూ అచ్చయ్యారు. ఇందులో వైరుధ్యం లేదు. ఆ కథలకు కుదిరిన పొట్టి వాక్యం, ఇంట్లో మాట్లాడుకునే మాట, ఎవరు ఎందుకు ఏం చేశారన్న పట్టింపు నవలాకారుడికి తెలిసిన విద్యలే.

ఆ పద్ధతిలో సాహసగాథను పండించింది దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో మొదలైన ‘తోకచుక్క’ తర్వాత ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వరసగా వచ్చాయి. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు: జంట మిత్రుల స్నేహం ఈ కథలకు వెన్నెముక. మొసలిమనుషులూ నరవానరాలూ ఎదురైనా వాళ్లు గెలిచేది ఎక్కువగా తెగువతో, తెలివితో. చిత్రా గీసిన బొమ్మలు ఆ అడవులకూ కోటలకూ రూపం ఇచ్చాయి. మరుసటి నెల సంచిక కోసం పిల్లలతోపాటు పెద్దలూ ఎదురుచూశారు. సీరియళ్ల మీద రచయిత పేరు అచ్చువేసే అలవాటు అప్పట్లో పత్రికకు లేనందువల్ల, వాటితో పెరిగిన పాఠకుల్లో చాలామందికి దాసరి పేరు నడివయసులోగాని తెలియలేదు.