పరాయి గడ్డపై మన బిడ్డలకు దిక్కెవరు?



వేతన సవరణ గురించి, పెన్షన్ గురించి, ఖాళీల భర్తీ గురించి ఈ సభలో చాలినంత చర్చ జరిగింది. మేము ప్రస్తావించనున్న విషయం మన సర్వీసు నిబంధనలలో ఎక్కడా లేదు. కాని మన ఇళ్ళలో ఉన్నది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు పోయే వారిలో మన ట్రాక్‌మెన్ కొడుకులున్నారు, గ్రామీణ డాక్ సేవకుల అక్కచెల్లెళ్ళున్నారు. వారి పాస్‌పోర్టును స్పీడ్ పోస్టులో ఇంటికి చేర్చేది మనం. ముంబై రైలు ఎక్కించేది మనం. ఆ తరువాత వారికేమైనా జరిగితే అండ ఎవరు?

భారత రాయబార కార్యాలయం, కాన్సులేట్. ఇది దయాధర్మం కాదు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరిన యెడల, ఆ సంగతిని అతని దేశపు కాన్సులేట్‌కు జాప్యం లేకుండా తెలియజేయవలసిన బాధ్యత అక్కడి అధికారులది. "కోరిన యెడల" అన్న మాటను గమనించండి. అడగాలని మన పిల్లవానికి ముందే తెలిసి ఉండాలి.

అయితే కాన్సులర్ అధికారి జైలు తలుపులు తెరిపించలేడు. ఆ దేశపు న్యాయస్థానాన్ని శాసించలేడు. నిర్బంధితుని కలుసుకోగలడు, న్యాయవాదిని చూపగలడు, పాస్‌పోర్టు లేనివానికి స్వదేశం చేరుటకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలడు, మరణించినవారి భౌతికకాయం స్వగ్రామం చేరడానికి కాగితాలు నడపగలడు. ఇందుకు 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఏర్పడింది. ఆపదలో ఉన్నవారికి భోజన వసతి, అత్యవసర వైద్యం, న్యాయ సహాయం, విమాన ఛార్జీ, భౌతికకాయం తరలింపు ఈ నిధి నుండి భరించవచ్చు. కాన్సులర్ సేవలకై వెళ్ళిన ప్రతి ఒక్కరి నుండి వసూలు చేసే స్వల్ప రుసుముతో నిండుతున్న నిధి ఇది. అనగా కార్మికుని చెమట సొమ్ము. అడుగుటకు సిగ్గుపడవలసిన పని లేదు.

మన విభాగంలోని ఒక గ్యాంగ్‌మన్ కుమారుడు ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసాపై వెళ్ళాడు. నాలుగు నెలలు జీతం లేదు, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నది. తండ్రి మా వద్దకు వచ్చినపుడు మేము అడిగిన మొదటి ప్రశ్న, ఒప్పంద పత్రం ఏదని. లేదు. యజమాని పేరేమి? తెలియదు. ఏజెంటుకిచ్చిన సొమ్ముకు రసీదు? అదీ లేదు. ఏ కంపెనీపై, ఏ శిబిరంలో ఉన్న మనిషి కొరకు ఫిర్యాదు వ్రాయాలి? కుర్రవాడు చివరకు ఇల్లు చేరాడు, జీతం మాత్రం రాలేదు.

1983 వలస చట్టం క్రింద నమోదైన ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోరాదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే వలస అనుమతి తప్పనిసరి. ఆ అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేండ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. విజిట్ వీసాపై పోయి పనిలో చేరినవానికి ఈ రక్షణ ఏదీ లేదు. ఇక పాస్‌పోర్టు సంగతి. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది సర్వకాలాలందు కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. దానిని తన వద్ద పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు.

పదవ తరగతి దాటిన పిల్లలకు వలస అనుమతి తనిఖీ లేదు. చదువుకున్నవాడు మోసపోడని చట్టం భావించింది కాబోలు! థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి, మ్యాన్మార్ సరిహద్దు దాటించి సైబర్ మోసాల శిబిరాలలో నిర్బంధించిన వారంతా చదువుకున్న యువకులే. 2025 మార్చిలో 549 మందిని వైమానిక దళ విమానాలలో వెనుకకు తీసుకురావలసి వచ్చింది.

ప్రభుత్వం తలచుకొంటే చేయగలదు. 1990లో కువైట్ ఆక్రమణ వేళ అమ్మాన్ మీదుగా లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు చేర్చినవి. 2020లో కరోనా కాలంలోనూ విమానాలు నడిచినవి. ఛార్జీ మాత్రం పని పోయిన కార్మికుడే చెల్లించుకున్నాడు, రావలసిన జీతాలను, సర్వీసు బకాయిలను అక్కడే వదలి వచ్చినవారు అనేకులు. ఈ తేడాను మన సమాఖ్య ప్రభుత్వాన్ని అడుగవలసి ఉన్నది.

ముసాయిదా తీర్మానం మీ ముందున్నది. కాన్సులర్ అధికారులు కార్మిక శిబిరాలకు క్రమం తప్పక వెళ్ళాలని, తెలుగు తెలిసిన సిబ్బందిని నియమించాలని, బకాయిల వసూలుకు న్యాయ సహాయం విస్తరించాలని అందులో కోరినాము. శాఖా కార్యదర్శులకు ఒక పని అప్పగిస్తున్నాము. విదేశం వెళ్ళే ప్రతి సభ్యుని కుటుంబం నుండి పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం నకళ్ళు, యజమాని చిరునామా, ఏజెంటు రసీదు తీసుకొని శాఖా కార్యాలయంలో ఒక ఫైలు తెరవండి. రాయబార కార్యాలయానికి గాని, 2015లో విదేశాంగ శాఖ ప్రారంభించిన మదద్ పోర్టల్‌కు గాని ఫిర్యాదు వ్రాయవలసి వస్తే మొదట చూసేది ఆ ఫైలునే. సవరణలు ఉన్న ప్రతినిధులు మధ్యాహ్న భోజన విరామంలోగా వ్రాతపూర్వకంగా అందజేయగలరు.